తిరుపాలమ్మ పెరటి కింది కాలువ

అనగనగా, కొండలకు చెట్లే గొడుగులు పట్టిన రోజుల్లో, చెలమపేట అనే ఊరు ఉండేది. ఒక కొండ వాలు మీద ఆ ఊరు. వాలు అడుగున వాగు. వాగు గట్టున వరసగా ఏడు నేత ఇళ్ళు.

ఆ ఏడిళ్ళకు ఎగువన చాలాకాలం ఎవరూ ఇల్లు కట్టలేదు. అక్కడి నేల నడివేసవిలో కూడా చల్లగా ఉండేది. ఎటు చూసినా తుంగ మొలిచేది. మేతకు వెళ్ళిన పశువులు తమ గిట్టల గుంటల్లో ఊరిన నీళ్ళే తాగి వచ్చేవి.

నాగలింగం అనే బట్టల వర్తకుడు ఆ చోటు మీద మనసు పడ్డాడు. అక్కడ నిలబడితే ఊరంతా కాళ్ళ కింద కనిపిస్తుంది. కొండను నిలువునా చెక్కించాడు. నేల చదును చేయించాడు. ముందు మిద్దె, వెనక సరుకు కొట్టు, కొట్టుకూ చెక్కిన గట్టుకూ మధ్య విశాలమైన పెరడు. చుట్టూ ప్రహరీ కట్టించాడు.

నాగలింగం చెడ్డవాడు కాదు, పిల్లలూ. గజం కొలతలో మోసం చేసేవాడు కాదు. పండుగ వస్తే ఏడు నేత ఇళ్ళకూ బెల్లం పంపేవాడు. కానీ ఒక్క పని ఆయనకు చేతకాదు. ఎవరినైనా ఏదైనా అడగడం. "నేను ఇచ్చేవాణ్ణే గానీ అడిగేవాణ్ణి కాదు" అని మీసం దువ్వుకుంటూ చెప్పుకునేవాడు.

తొలి వానాకాలం వచ్చింది. వానలు వెలిసి నెల గడిచినా పెరడు ఆరలేదు. గట్టు అడుగునుంచి, ఒంటికి చెమట పట్టినట్టు, నీరు ఊరుతూనే ఉంది. అడుగు వేస్తే మడమ దిగిపోయేది. ఆరేసిన బట్టలకు బూజు పట్టేది. నాగలింగం భార్య కనకాంబ తులసికోట దగ్గరికి వెళ్ళాలంటే రాళ్ళ మీద గెంతుతూ వెళ్ళేది.

ఆ ఊళ్ళోనే ఓబులమ్మ అనే ముసలమ్మ ఉండేది. బావులూ కాలువలూ తవ్వి తవ్వి జుట్టు నెరిసిన మనిషి. నాగలింగం ఆమెను పిలిపించాడు.

ఓబులమ్మ చెప్పులు విడిచి పెరడంతా తిరిగింది. గట్టు అడుగున కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించింది.

"షావుకారూ, ఇది వాన నీరు కాదు. కొండలోంచి వస్తోంది. నువ్వు కొండను కోసినప్పుడు దాని నరం తెగింది. ఇక ఇది ఆగదు."

"ఆగకపోతే ఏం చేయాలి?"

"దారి ఇవ్వాలి. గట్టు పొడుగునా మొలలోతు కందకం తవ్వాలి. అందులో గులకరాళ్ళు నింపి పైన మట్టి కప్పాలి. నీరు రాళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. పైన నువ్వు నడిచినా కింద కాలువ ఉందని తెలియదు. కానీ ఆ కాలువ వాగుదాకా పోవాలి నాయనా. నీ ఇంటికి అటూ బండే, ఇటూ బండే. మిగిలింది కిందింటి భావనయ్య పెరడు. వెళ్ళి అడుగు."

భావనయ్య ఏడిళ్ళలో మొదటి ఇంటివాడు. నాగలింగం ఇచ్చిన నూలుతోనే చీరలు నేసేవాడు. మెత్తని మనిషి.

నాగలింగం ముఖం ఎర్రబడింది. "నా దగ్గర నూలు పట్టుకెళ్ళేవాడి గుమ్మంలో నిలబడి నేను దారి అడగాలా?"

"నీకు కాదులే, నీళ్ళకు" అంది ఓబులమ్మ.

ఆయన ఆమె చేతిలో తాంబూలం పెట్టి పంపించేశాడు. పెరటి సంగతి తానే చూసుకుంటానన్నాడు.

మొదట మట్టి తోలించాడు. ఊరవతలి దిబ్బనుంచి నలభై బళ్ళ ఎర్రమన్ను వచ్చింది. పెరడు జానెడు ఎత్తు లేచింది. చూడటానికి కొత్త పొలంలా ఎర్రగా, అందంగా ఉంది.

దారిన పోతున్న ఓబులమ్మ ప్రహరీ మీదుగా తొంగి చూసింది. "షావుకారూ, నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

"మట్టి తాగేసింది" అన్నాడు నాగలింగం.

మట్టి తాగింది నిజమే. తాగి తాగి జావ అయింది. ఒకనాటి పొద్దున పాలావు కట్టు తెంపుకుని పెరట్లోకి వచ్చింది. నాలుగు కాళ్ళూ పొట్టదాకా దిగిపోయాయి. తాళ్ళు వేసి లాగితే కాలు విరిగింది. సాయంత్రానికి ఆవు చచ్చిపోయింది. కనకాంబ దాని దూడకు గంజి తాగిస్తూ ఏడ్చింది.

రెండో ఏడు నాగలింగం నాపరాళ్ళు తెప్పించాడు. పెరడంతా పరిపించి సందుల్లో సున్నం గచ్చు కొట్టించాడు. నీటి చుక్క పైకి రాలేదు. కనకాంబ సంబరపడింది.

ఓబులమ్మ మళ్ళీ ప్రహరీ దగ్గర ఆగింది. "షావుకారూ, నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

"రాయి కింద అణిగాయి."

అణిగిన నీరు ఊరుకోలేదు. రాళ్ళ కిందనుంచి పాకి సరుకు కొట్టు అడుగున చేరింది. కొట్టు తెరిచేసరికి కింది వరస మూటలన్నీ నల్లగా కుళ్ళి ఉన్నాయి. ఆ ఏడు నేత ఇళ్ళవాళ్ళు రాత్రనకా పగలనకా నేసిన చీరలు అవి. ముట్టుకుంటే పేలికలై చేతికి వచ్చాయి. దివిసీమనుంచి వచ్చిన బేరగాళ్ళు ముక్కు మూసుకుని వెళ్ళిపోయారు.

అప్పటికైనా నాగలింగం కిందికి దిగి భావనయ్య ఇంటికి వెళ్ళి ఉండాల్సింది. ఎంత దూరమని? నూరడుగులు కూడా లేదు. వెళ్ళలేదు.

మూడో ఏడు వేసవిలో పొరుగూరినుంచి నలుగురు కూలీలను రప్పించాడు. నాపరాళ్ళు లేపించాడు. పెరట్లోంచి ప్రహరీ కిందుగా ఒక సన్నని కాలువ తవ్వించి, పైన మళ్ళీ రాళ్ళు కప్పించాడు. ఆ కాలువ వాగుదాకా పోలేదు. ప్రహరీ దాటి, భావనయ్య ఇంటి వెనక గోడ మొదట్లో ఆగిపోయింది. అక్కడ పొదలు దట్టంగా ఉన్నాయి. ఎవరికీ కనిపించదు. కూలీలు మరునాడే తమ ఊరికి వెళ్ళిపోయారు. కనకాంబ ఆ నాలుగు రోజులూ పుట్టింట్లో ఉంది. తిరిగి వచ్చాక "రాళ్ళు సరిచేయించాను" అని మాత్రం చెప్పాడు.

ఆ ఏటి వానలకు పెరడు తడి లేకుండా నిలిచింది. మూడేళ్ళలో మొదటిసారి కనకాంబ తులసికోట చుట్టూ ముగ్గు పెట్టింది.

ఓబులమ్మ మూడోసారి వచ్చింది. "షావుకారూ, నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

నాగలింగం ఈసారి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నీళ్ళు ఎక్కడికి పోయాయో తెలుసుకున్నవాడు భావనయ్య. అతనిది గుంట మగ్గం. నేలలో మోకాటి పైదాకా గుంట ఉంటుంది. నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. నేలలో నీరు ఊరితే మొట్టమొదట తెలిసేది ఆ కాళ్ళకే.

భావనయ్య ఎగువకు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"అయ్యా, మగ్గం గుంటలో చెమ్మ పడుతోంది. ఎన్నడూ లేదు. పైన ఏమైనా తవ్వించారా అని..."

"వానాకాలం కదా భావనయ్యా. చెమ్మ ఎవరింట్లో లేదు?" అన్నాడు నాగలింగం.

భావనయ్య తల ఊపి వెళ్ళిపోయాడు.

పది రోజులకు మళ్ళీ వచ్చాడు. "అయ్యా, గుంటలో పిక్కలదాకా నీళ్ళు. పొద్దున్నే మా ఇంటిది తిరుపాలమ్మ ముంతతో తోడిపోస్తే అప్పుడు కూర్చుంటున్నాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాది నల్ల నేల కదా అయ్యా?"

"కొండలో ఎర్రమన్ను ఉండదా? కొండ నీళ్ళకు నన్నేం చేయమంటావు?"

మూడోసారి వచ్చినప్పుడు భావనయ్య కుంటుతూ వచ్చాడు. నానిన పాదాలు తెల్లగా ఉబ్బి, వేళ్ళ మధ్య పుండ్లు పడ్డాయి. "అయ్యా, వెనక గోడ మెత్తబడింది. వేలితో నొక్కితే దిగుతోంది. ఒక్కసారి మీ ప్రహరీ లోపల చూడనిస్తారా?"

"నా ఇంట్లో దొంగసొత్తు వెతుకుతావా?"

ఆ మాటకు భావనయ్య చేతులు జోడించాడు. "తప్పు మాట అన్నాను. మనసులో పెట్టుకోకండి." వచ్చినట్టే కుంటుతూ కిందికి దిగిపోయాడు.

అతను మలుపు తిరిగేదాకా నాగలింగం చూస్తూ నిలబడ్డాడు. రేపు ఆ కాలువ మూయించేద్దాం అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ మర్నాడు పెరట్లో సంతకు పోవాల్సిన చీరలు ఆరుతున్నాయి. సంత అయ్యాక చూద్దాం అనుకున్నాడు.

పుబ్బ కార్తె వచ్చింది. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. మూడోనాటి పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. తిరుపాలమ్మ ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని వాగుకు బట్టలు ఉతకడానికి వెళ్ళింది. భావనయ్య మగ్గం మీద కూర్చున్నాడు. ఇంకో మూరెడు నేస్తే చీర దిగుతుంది.

వెనక గోడ చప్పుడు లేకుండా కూలింది. నానిన మట్టి కదా, విరిగిన చప్పుడు రాలేదు. కప్పు పడిన చప్పుడు మాత్రం వాగుదాకా వినిపించింది.

ఊరంతా పరుగెత్తింది. పారలతో, తట్టలతో, ఒట్టి చేతులతో మట్టి తీశారు. అందరికంటే ముందు నాగలింగం ఉన్నాడు. గోళ్ళు విరిగి రక్తం కారుతున్నా తవ్వుతూనే ఉన్నాడు. భావనయ్య బయటపడేసరికి ఊపిరి లేదు. నడుము పైనంతా మట్టి. కాళ్ళు మాత్రం గుంటలో, ఎర్రనీళ్ళలోనే ఉన్నాయి. చేతిలో పేక నూలు చుట్టిన నాడె ఉంది.

"షావుకారు చూడండి, నేతగాడి కోసం ఎలా తవ్వాడో! అలాంటి మనిషి ఉండడు" అని ఎవరో అన్నారు.

ఆ మాట నాగలింగం విన్నాడు. విని, చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్ళాడు.

వాన వల్ల గోడ పడిందని ఊరు అనుకుంది. తిరుపాలమ్మ పడిన వైపు తాటాకు తడిక కట్టి, మిగిలిన సగం ఇంట్లో పిల్లలతో ఉండసాగింది.

కూలిన గోడ మట్టి అంతా ఆ దొంగ కాలువ మూతికి అడ్డం పడింది. కాలువ మూసుకుపోయింది. నీరు వెనక్కి తిరిగి నాగలింగం పెరట్లోకే వచ్చింది. నాపరాళ్ళు ఒక్కొక్కటీ ఉబ్బి లేచాయి. గట్టు అడుగు నాని మెత్తబడింది. పైన ఉన్న వేపచెట్టు ఇంటివైపు ఒరిగింది.

నాగలింగం తానే ఓబులమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె వచ్చి, కర్ర ఊతంగా గట్టు పైకి ఎక్కింది. అక్కడ నేల అడ్డంగా బీటలు వారి ఉంది. ఓబులమ్మ పిడికిలి బిగించి బీటలో పెట్టింది. మోచేతిదాకా దిగింది.

"స్వాతి వానలకు ఈ గట్టు నిలవదు" అంది. "నీ ఇల్లు పోతుంది. నీ ఇంటితో కూడా ఆగదు. ఈ కొండ ముక్క ఆ ఏడిళ్ళ మీద పడుతుంది."

"కాలువ తవ్వు అవ్వా. గులకరాళ్ళ కాలువ. అప్పుడు చెప్పావే, అదే."

"తవ్వుతాను. దారి మారలేదు. అప్పుడు భావనయ్య పెరడు, ఇప్పుడు తిరుపాలమ్మ పెరడు. వెళ్ళి అడిగిరా." ఓబులమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "అతన్ని మట్టిలోంచి తీసిననాడు ఆ ఎర్రనీళ్ళు నేనూ చూశాను షావుకారూ. ఆ మన్ను ఏ దిబ్బదో నాకు తెలుసు. ఆమెకు నీ నోటితో నువ్వే చెప్పాలి. నువ్వు చెప్పకుండా ఆ నేలలో నేను పలుగు దించను."

నాగలింగం ఇంటికి వచ్చి బండి కట్టించాడు. పెట్టెలూ బిందెలూ ఎక్కించాడు. పట్నంలో ఆయనకు ఇంకో ఇల్లు ఉంది.

"ఎక్కడికండీ ఇంత హడావుడిగా?" అంది కనకాంబ.

"గట్టు కూలుతుందట. ఇక్కడ ఉండకూడదు."

కనకాంబ ఒక కాలు బండి మీద పెట్టి ఆగిపోయింది. "కిందివాళ్ళకు చెప్పారా?"

ఆయన పెట్టెకు తాడు బిగిస్తున్నాడు.

"ఏమండీ, మిమ్మల్నే. చెప్పారా?"

"చెబితే ఎందుకు కూలుతోందని అడుగుతారు."

"ఎందుకు కూలుతోంది?"

నాగలింగం బండి చక్రం పట్టుకుని నిలబడి అంతా చెప్పాడు. నలుగురు కూలీల సంగతి. పొదల చాటు కాలువ సంగతి. భావనయ్య మూడుసార్లు వచ్చి అడిగిన సంగతి.

కనకాంబ మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. "పెరడు ఆరిందని మురిసిపోతూ రోజూ ముగ్గులు పెట్టాను నేను" అంది. లేచి, ఎడ్లను కాడినుంచి విప్పేసింది. "బండి కదలదు. పదండి కిందికి. నేనూ వస్తాను."

మధ్యాహ్నం వేళ. నేత ఇళ్ళ ముందు ఆడామగా పడుగులు సరిచేసుకుంటున్నారు. భావనయ్య పోయిననాడు తప్ప ఎన్నడూ కిందికి దిగని షావుకారు, వెనకాల భార్య, దిగి వస్తుంటే అందరూ లేచి నిలబడ్డారు. నాగలింగం తిరుపాలమ్మ గుమ్మం ముందు ఆగాడు.

"తిరుపాలమ్మా, నీ పెరట్లోంచి కాలువ తవ్వుకోవడానికి దారి అడగడానికి వచ్చాను."

తిరుపాలమ్మ తడిక పక్కన నిలబడింది. "తవ్వుకోండి. కానీ ఒక మాట చెప్పి తవ్వుకోండి. మా గోడ ఎందుకు పడింది?"

"నా పెరటి నీళ్ళు దాని కిందికి తోయించాను. అందుకు పడింది."

లోపల మగ్గాల మీద ఉన్నవాళ్ళు కూడా బయటికి వచ్చారు.

"ఆయన మూడుసార్లు మీ గుమ్మం దగ్గరికి వచ్చాడు" అంది తిరుపాలమ్మ. "మూడుసార్లూ తెలిసే అబద్ధం చెప్పారా?"

"తెలిసే చెప్పాను."

చివరి ఇంటి ముసలి నేతగాడు చేతికర్ర ఎత్తి మీదికి వచ్చాడు. నాగలింగం తప్పుకోలేదు. తిరుపాలమ్మే అడ్డం వచ్చింది. "కొడితే ఏమొస్తుంది పెదనాయనా? ఆయన లేచి వస్తాడా?"

అప్పుడు నాగలింగం గట్టు బీటల సంగతి, స్వాతి వానల సంగతి చెప్పాడు. అందరూ తలెత్తి కొండవైపు చూశారు. ఒరిగిన వేపచెట్టు అక్కడినుంచి కూడా కనిపిస్తోంది.

తిరుపాలమ్మ లోపలికి వెళ్ళింది. ఎంతోసేపు రాలేదు. లోపల ఆమె చిన్నకూతురు ఏదో అడగడం బయటికి వినిపించింది. చివరికి వచ్చింది. అంతవరకూ 'మీరు' అన్న ఆమె ఈసారి 'నువ్వు' అంది.

"మొదట్లోనే వచ్చి అడిగి ఉంటే ఆయన నవ్వుతూ ఇచ్చేవాడు. నీకంటే ముందు తానే పార పట్టేవాడు. అది నీకు తెలుసా?"

నాగలింగం తల దించుకున్నాడు.

"నీ తప్పు నేను మన్నించడం లేదు. ఎప్పటికీ మన్నించను. నీళ్ళకు మాత్రం దారి ఇస్తున్నాను, ఈ వరసలో పిల్లలు ఉన్నారు గనక. కానీ నా పెరట్లో కూలివాళ్ళు అడుగు పెట్టకూడదు. నువ్వే తవ్వు."

మర్నాడే పని మొదలైంది. స్వాతికి ఇంకా ఇరవై రోజులు. గట్టు అడుగున, నాగలింగం పెరట్లో, ఏడిళ్ళ మగవాళ్ళూ తవ్వారు. తిరుపాలమ్మ పెరట్లో నాగలింగం ఒక్కడే తవ్వాడు. ఓబులమ్మ ఒడ్డున కూర్చుని చెప్పేది. బారెడు పొడుగుకు రెండు వేళ్ళ వాలు ఉండాలనేది. కందకం అడుగున నీళ్ళు పోసి పారించి చూసేది. ఎక్కడ నీరు నిలిచినా మళ్ళీ తవ్వించేది.

ఆయన అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. కనకాంబ వాగులోంచి గులకరాళ్ళు తట్టలతో మోసుకొచ్చేది. ఆ ఇద్దరూ తమలో తాము మాట్లాడుకోవడం ఎవరూ వినలేదు.

ఒకరోజు మబ్బు పట్టింది. నాగలింగం కంగారుపడి, రాళ్ళు కడగకుండానే పది తట్టలు కందకంలో గుమ్మరించాడు.

"తియ్యి" అంది ఓబులమ్మ.

"వాన వచ్చేలా ఉంది అవ్వా."

"మట్టి రాయి వేస్తే సందులు పూడిపోతాయి. రెండేళ్ళకు కాలువ చస్తుంది. అప్పుడు మళ్ళీ ఎవరింటి గోడ పడాలి?"

ఆయన కందకంలోకి దిగాడు. పది తట్టల రాళ్ళూ చేతులతో ఎత్తి, వాగుకు మోసి, కడిగి, మళ్ళీ తెచ్చి వేశాడు.

అడుగున పెద్ద రాళ్ళు. వాటి మీద చిన్న గులకరాళ్ళు. మట్టి జారి సందుల్లో పడకుండా వాటి మీద కొబ్బరినార చాపలు. ఆ పైన ఇసుక, చివరికి మట్టి. గట్టునుంచి తిరుపాలమ్మ పెరటి మీదుగా వాగుదాకా కాలువ పూర్తయ్యేసరికి పంతొమ్మిది రోజులు పట్టింది. పైనుంచి చూస్తే ఏమీ లేదు. కొత్తగా దున్నిన చారలా ఉంది, అంతే.

ఇరవయ్యోనాడు స్వాతి వాన దిగింది.

ఏడిళ్ళవాళ్ళూ పిల్లలనూ ముసలివాళ్ళనూ తీసుకుని పక్క బండ మీదికి చేరారు. నాగలింగం, కనకాంబ కూడా అక్కడే, కొంచెం ఎడంగా, గొంగళి కప్పుకుని నిలబడ్డారు. అందరి కళ్ళూ వాగు ఒడ్డున ఉన్న కాలువ మూతి మీదే ఉన్నాయి.

మొదటిరోజు దానిలోంచి ఎర్రనీరు బుసలు కొడుతూ వచ్చింది. ఆ రంగు చూడలేక తిరుపాలమ్మ పక్కకు తిరిగింది. రెండోరోజు గట్టు పైభాగం వేపచెట్టుతో సహా విరిగి జారింది. సరుకు కొట్టు నేలమట్టమైంది. ఉన్న మూటలన్నీ మట్టిలో కలిశాయి. ఊరు ఊపిరి బిగబట్టింది. కానీ గట్టు అడుగు కదలలేదు. మట్టి నాగలింగం పెరట్లోనే ఆగిపోయింది. మూడోరోజు వాన తగ్గింది. కాలువ మూతిలోంచి తేటనీరు సన్నగా, ఆగకుండా జారుతోంది.

ఏడిళ్ళూ నిలిచాయి. అందరూ బండ దిగి ఇళ్ళకు వెళ్ళారు. కేరింతలు లేవు. ఓబులమ్మ మాత్రం కాలువ మూతి దగ్గర వంగి, దోసిట్లో నీళ్ళు పట్టి, కాసేపు చూసి, వాగులోకి వదిలేసింది.

ఎండలు వచ్చేసరికి తిరుపాలమ్మ మగ్గం గుంట పూర్తిగా ఎండిపోయింది. ఊరివాళ్ళు గోడ లేపారు. నాగలింగం మట్టి మోస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. భర్త కూర్చున్న చోట తాను కూర్చుని, మట్టిలోంచి తీసి కడిగి దాచిన పడుగు మళ్ళీ మగ్గానికి ఎక్కించి, ఆగిపోయిన ఆ మూరెడూ నేసి చీర దించింది. ఆ చీరను గానీ, ఆ తర్వాత నేసిన ఏ చీరను గానీ నాగలింగానికి అమ్మలేదు. పొరుగూరి వర్తకుడికి అమ్ముకుంది.

నాగలింగం ఆ ఊరు విడిచి పోలేదు. ఏటా మృగశిరకు ముందు కాలువ మూతిలో పేరుకున్న ఆకూ బురదా తీయాలి. ఆ పని ఆయన ఎవరికీ అప్పగించలేదు. పార పట్టుకుని కిందికి దిగి, తిరుపాలమ్మ పెరటి తడిక ముందు నిలబడి, "దారి ఇస్తావా?" అని అడిగేవాడు. ఆమె వచ్చి తడిక తీసేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆయన పని ముగించి వెళ్ళాక మళ్ళీ వేసుకునేది. ఆమె జుట్టు తెల్లబడింది, ఆయన నడుము వంగింది. అన్నేళ్ళలోనూ ఆమె ఆయనకు ఇచ్చింది ఆ తడిక తీయడం ఒక్కటే.

తన ఇంటి తడిని పొరుగువాడి గోడ కిందికి తోసేసి ఎవరూ సుఖంగా బతకలేరు. అడగాల్సిన మాట, చెప్పాల్సిన నిజం వేళకు నోట రాకపోతే, ఆ తర్వాత ఎంత లోతు తవ్వినా పోయిన ప్రాణం బయటికి రాదు.